వరసమ్మ ఫోను

నెలలో మొదటి సోమవారం పొద్దున సరిగ్గా పదింటికి వసుంధరకి ఒక ఫోనొస్తుంది. ఆ వేళకి పొయ్యి మీద ఏమున్నా దించేస్తుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, గొంతు సవరించుకుని, వంటింటి స్టూలు మీద కుదురుగా కూర్చుని ఎత్తుతుంది. పుట్టింటివాళ్ళు చేసినా ఇంత మర్యాద జరగదు.

“నమస్కారం. మంజీర తల్లిగారేనా? బిడ్డ ఎలా ఉంది?”

“పర్లేదమ్మా, బాగానే ఉంది. మీరెట్లున్నారు?”

“నేను బాగున్నాను. నమోదు చేసుకున్నాను. వచ్చే నెల మళ్ళీ మాట్లాడతాను.”

అవతలున్నది మనిషి కాదని వసుంధరకి తెలుసు. ఆవిడ బీకాం ఫస్టు క్లాసులో ప్యాసైంది, మరీ అంత అమాయకురాలు కాదు. హైదరాబాదు శివార్లలో పిల్లల వెన్నెముక ఆపరేషన్లు చేసే ప్రభుత్వాసుపత్రి ఒకటుంది. ఎవరి తర్వాత ఎవరికి చెయ్యాలో తేల్చే పని అక్కడ ఒక కంప్యూటరుది. దానికి సర్కారు పెట్టిన పేరు ‘వరుస’. హాల్లో బెంచీల మీద ఏళ్ళ తరబడి కూర్చున్న తల్లులు దానికొక అమ్మని తగిలించి వరసమ్మని చేశారు. ఒకావిడైతే నంబర్లు కనబడే తెర ముందు నుంచి పోతూ చెప్పులు కూడా విడిచేది.

యంత్రమైతేనేం. మంజీర ఎలా ఉందని నెలకొకసారి తప్పకుండా అడిగే గొంతు వసుంధర జీవితంలో అదొక్కటే మిగిలింది. మొదట్లో అందరూ అడిగేవాళ్ళు. ఆడపడుచు, పక్కింటి టీచరుగారు, పాలబ్బాయి. జబ్బు తగ్గాలి, లేదా ముదరాలి. ఏదీ కాకుండా ఉన్నచోటే ఉంటే జనానికి అడగడానికేముంటుంది? మూడో ఏడొచ్చేసరికి మంజీర సంగతి ఎవరికీ వార్త కాకుండా పోయింది.

*

పురుషోత్తం ఆర్టీసీ కండక్టరు. ఏ డిపోలో పనిచేస్తుంటే ఆ ప్రాంతపు ఏటి పేరు పిల్లకి పెట్టాడు. సంగారెడ్డిలో ఉండగా మంజీర పుట్టింది, కొత్తగూడెంలో ఉండగా కిన్నెర. ఖమ్మం వచ్చాక మూడో పిల్ల పుట్టకుండా దేవుడే కాపాడాడని వసుంధర అంటుంది, లేకపోతే దాన్ని మున్నేరు అని పిలవాల్సొచ్చేది.

మంజీరకి పదేళ్ళప్పుడు, వసుంధర కుట్టిన లంగా అంచు ఒకవైపు కిందికి దిగింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ దిగింది. పదిహేనేళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి, తన కుట్టు తప్పిందని ఏడుపొచ్చినంత పనైంది. మూడోసారి పిల్లని నిలబెట్టి, ముందుకి వంగమని, వీపు చూసింది. తప్పు కుట్టుది కాదు. వెన్ను పాములా పక్కకి మెలి తిరిగి ఉంది.

మొదటి ఎక్స్‌రేలో వంపు ముప్పై ఒక్క డిగ్రీలు. వరసలో మంజీర నంబరు నాలుగు వందల పన్నెండు. అంత పెద్ద ఆసుపత్రిలో థియేటరు ఒకటి, వెన్ను డాక్టర్లు ఇద్దరు, వారానికి ఇద్దరు పిల్లలు. నాలుగేళ్ళు పడుతుందని లెక్కేసుకోవడానికి బీకాం కూడా అక్కర్లేదు. పది నెలలు తిరిగేసరికి వంపు నలభై రెండయింది.

“యాభై దాటితే తప్పకుండా చెయ్యాలి. డెబ్బై దాటితే ఊపిరితిత్తులకి చోటు చాలదు, అప్పుడు ఆపరేషనే ప్రమాదం,” అన్నాడు పెద్ద డాక్టరు. “ఈ పిల్ల ఎదిగే వయసులో ఉంది. ఎదిగిన కొద్దీ వంగుతుంది. ఒకసారి నాలుగో అంతస్తుకెళ్ళి కనబడండి.”

నాలుగో అంతస్తులో ఉండేది ప్రయోగశాల. అక్కడ డాక్టర్ నీరజాక్షి ఒక గాజు పళ్ళెంలో మట్టిగడ్డ పెట్టి, సిరంజితో దాని మీద చుక్క చుక్కగా నీళ్ళు పోస్తోంది. తల్లీకూతుళ్ళని చూసి కూర్చోమనకుండా, “ఇలా రా పాపా, మేలుకునే వేళైంది,” అంది.

మట్టిగడ్డ కాస్త కదిలింది. అందులోంచి ఒక కన్ను తెరుచుకుంది. తర్వాత రెండోది. బొటనవేలంత కప్ప ఒళ్ళు విరుచుకుని కూర్చుంది.

“రెండేళ్ళ కిందట ఎండిపోయిన కుంటలో దొరికింది. వాన పడేదాకా ఇది తినదు, ఎదగదు, ముసలిదవదు. ఎదగడం ఆపమని దాని ఎముకలకి చెప్పే పదార్థం ఒకటుంది. దాన్నే నేను ఈ పట్టీలో పెట్టాను.” మెత్తటి నడుం పట్టీ ఒకటి తీసి చూపించింది. లోపల చిన్న జేబు, జేబులో జెల్లు పొట్లం. “వారానికొకసారి పొట్లం మార్చాలి. చర్మంలోంచి లోపలికి దిగుతుంది. ఎముకలు నిద్రపోతాయి. ఎముక ఎదగకపోతే వంపూ ఎదగదు. మీ వంతొచ్చాక విప్పేస్తాం.”

“మిగతా ఒళ్ళో?” అంది వసుంధర.

“ఒళ్ళంతా ఆగుతుందమ్మా. పళ్ళు, గోళ్ళు, పెద్దమనిషి కావడం, అన్నీ. బుర్ర మాత్రం ఆగదు, చదువుకి ఇబ్బంది లేదు. ఆరు నెలల కోసం చేసిన వస్తువిది.”

మంజీర కప్పనే చూస్తోంది. “దీంతోపాటు పుట్టిన కప్పలన్నీ ఏమయ్యాయండీ?” అనడిగింది.

నీరజాక్షి సిరంజి పక్కన పెట్టింది. ఇన్నేళ్ళ ప్రయోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు. “ఏమో పాపా. పెద్దవయ్యుంటాయి,” అంది.

*

ఆరు నెలలు మూడేళ్ళ ఎనిమిది నెలలయ్యాయి.

పట్టీ తన పని తాను చేసింది. ఏడాదికొకసారి తీసే ఎక్స్‌రేలో వంపు నలభై రెండు దగ్గరే ఉంది. నంబరు కూడా కొన్నాళ్ళు బుద్ధిగా దిగొచ్చింది. మూడు వందలు, నూట నలభై, ముప్పై ఏడు. అక్కడి నుంచి ఏం పుట్టిందో, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. యాభై, నూటపది, రెండు వందల ఆరు. కౌంటరులో ఎప్పుడడిగినా ఒకే జవాబు: “మీ అమ్మాయికన్నా తొందరగా ముదిరేవాళ్ళొచ్చారమ్మా.”

నిజమే కదా అనుకునేది వసుంధర. మన పిల్లకి ఆగింది, ఆగని పిల్లల గతేంటి? ఆవిడ పెంపకమే అలాంటిది. పెళ్ళిభోజనాల్లో విస్తరి ముందు కూర్చున్నా, పక్కవాళ్ళకి వడ్డించాకే తనకి కావాలని చెప్పడం నేర్చుకుంది. ఎవరేమడిగినా పర్లేదండి అనడం ఇంకా ముందే నేర్చుకుంది.

ఇంట్లో మాత్రం లోకం తలకిందులైంది. అక్క బట్టలు చెల్లెలికి రావడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. వీళ్ళింట్లో చెల్లెలికి పొట్టివైన బట్టలు అక్కకొచ్చాయి. కిన్నెరకి పన్నెండు నిండి మీదకొచ్చింది, అక్కకన్నా జానెడు పొడుగు. తనకి బిగుసుకుపోయిన చుడీదారు ఏమీ అనకుండా మడిచి, మంజీర అరలో, అడుగున, కొత్తదన్నట్టు పెట్టేది. మంజీర కూడా ఏమీ అనకుండా తీసి వేసుకునేది. ఆ ఇద్దరూ అంతకు ముందు రిబ్బను ముక్క కోసం జుట్లు పట్టుకున్న పిల్లలు. వాళ్ళ మర్యాద చూస్తే వసుంధరకి భయమేసేది.

కొత్తగా అద్దెకొచ్చినావిడ ఒకరోజు, “మీ పెద్దమ్మాయి చక్కగా ఉందండీ, చిన్నదానికింకా ఒళ్ళు రాలేదు,” అంది. కిన్నెర గబుక్కున, “ఆంటీ, తను మా అక్క,” అంది. ఆవిడ నవ్వేసింది. పిల్లలు ఆటకి అంటారనుకుంది పాపం.

స్కూల్లో మంజీర పదో తరగతి, మొదటి బెంచీ. లెక్కల్లో ఎవరూ దగ్గరికి రారు. ఇంటర్వెల్లో కూడా ఎవరూ దగ్గరికి రారు.

“స్వాతివాళ్ళతో కూర్చోవచ్చుగా?” అని ఒకసారి వసుంధర అంది.

“కూర్చుంటానమ్మా. నేనెళ్ళగానే మాట మారుస్తారు. చిన్నపిల్ల ముందు ఎందుకని,” అంది మంజీర, పుస్తకంలోంచి తలెత్తకుండా. “వాళ్ళు మాట్లాడుకునేవి నాకు అర్థమవుతాయి. పట్టవు, అంతే. అందరూ బస్సెక్కి వెళ్ళిపోయాక స్టాండులో నిలబడినట్టుంటుంది.”

బస్సంటే గుర్తొచ్చింది, టిక్కెట్ల భాగోతం ఇంకోటి. ఆడవాళ్ళకి ఉచితమైన ఎక్స్‌ప్రెస్సుల్లో కాలు పెట్టే సందుండదు. హైదరాబాదు ఆసుపత్రికి వెళ్ళాలంటే, పిల్ల వెన్ను కోసం లగ్జరీ ఎక్కాల్సిందే. పురుషోత్తం డ్యూటీలో ఉన్న బస్సే అయితే, సొంత కూతురికి ఫుల్ టిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టేవాడు. చుట్టుపక్కల సీట్లవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

“ఏందయ్యా, పసిపిల్లకి ఫుల్ టిక్కెట్టా? మనిషివేనా నువ్వు?”

“పన్నెండు దాటితే ఫుల్లేనండీ.”

“ఆ పిల్లకి పన్నెండెక్కడివి? తల్లినడుగు, తల్లిని.”

తల్లి కిటికీలోంచి సూర్యాపేట వైపు చూసేది. పురుషోత్తం ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా వెనక సీట్లకి వెళ్ళిపోయేవాడు. హాఫ్ కొడితే ఎవరూ ఏమీ అనరు, అదీ ఆయనకి తెలుసు. ఆ పిల్ల వయసు పిల్లకి ఇచ్చేవాడు లోకంలో ఆయనొక్కడే. మంజీర ఆ టిక్కెట్లన్నీ జామెట్రీ బాక్సులో దాచుకునేది.

*

దసరా సెలవులప్పుడు వసుంధర మంజీరకి ఒక పసుపు చుడీదారు కుట్టింది. టేపు తియ్యలేదు. భుజం, ఛాతీ, చెయ్యి, పొడుగు, నాలుగేళ్ళుగా అవే కొలతలు, ఎక్కాల్లా నోటికొచ్చు. రెండు ఉతుకులయ్యాక చూస్తే చేతులు మణికట్టు పైకి లేచి ఉన్నాయి.

వెంటనే సంచీలో పెట్టుకుని బట్టల కొట్టుకెళ్ళింది. “ఇదేం గుడ్డ ఇచ్చారండీ, రెండు ఉతుకులకే ముడుచుకుపోయింది?”

కొట్టాయన గుడ్డ రెండు వేళ్ళతో నలిపి చూశాడు. “ఇది ముడుచుకోదమ్మా. ఇందులో నూలు పోగే లేదు. మనం పోయినా ఇది ఇట్లాగే ఉంటది. పిల్ల ఎదిగిందేమో చూసుకోండి.”

“మా పిల్ల ఎదగదు,” అంది వసుంధర. అన్న తర్వాత ఆ మాట తన చెవికే ఎలాగో తగిలింది. కొట్టాయన ఏదో శకునం విన్నట్టు చూశాడు.

ఇంటికొచ్చి టేపు తీసింది. భుజం అరంగుళం. చెయ్యి అంగుళం. మొత్తం పొడుగు రెండంగుళాలకి కొంచెం తక్కువ. మంజీర నిలబడి కొలవనిచ్చింది. కొలవడం అయ్యాక అటక మీదున్న లూడో పెట్టె దించి, తల్లి ముందు పెట్టి మూత తీసింది. అందులో విప్పని జెల్లు పొట్లాలు పదకొండున్నాయి.

“పాత పొట్లమే పట్టీలో ఉంచానమ్మా. పదకొండు వారాలైంది.”

వసుంధర మంచం మీద కూలబడింది. “ఎవరు చెప్పారే నీకీ పని చెయ్యమని?”

“ఎవరూ చెప్పలేదు. వరసమ్మకి ఫోన్ చేసి అడిగాను, నా నంబరు వెనక్కెందుకు పోతోందని.”

“అది జవాబు చెబుతుందా?”

“అడిగితే అన్నీ చెబుతుంది. ఎవరూ అడగలేదంతే.” మంజీర తల్లి పక్కన కూర్చుంది. కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. అంతకు ముందు ఆనేవి కావు. “ముదిరేవాళ్ళని ముందుకి జరపడం దాని పద్ధతి. వంపు ఆగినవాళ్ళు ఆగగలరని లెక్క. ఎక్స్‌రే ఏడాదికొకటే కాబట్టి మధ్యలో తల్లి ఏం చెబితే అది రాసుకుంటుంది. తల్లి బాలేదంటే మర్నాడే ఎక్స్‌రేకి పిలుస్తుంది.”

“నేనేం చెప్పానే?”

“నలభై నాలుగు నెలలు, నలభై నాలుగు సార్లు, పర్లేదన్నావంట.”

వసుంధరకి ముందు వరసమ్మ మీద కోపమొచ్చింది, స్నేహితురాలు చాటుగా చాడీలు రాసిపెట్టుకున్నట్టు. తర్వాత ఆ కోపం చుట్టూ తిరిగి, ఎక్కడా చోటు దొరక్క, వచ్చి తన ఒళ్ళోనే కూర్చుంది. మర్యాదకి అన్న మాట. ఎవరైనా పలకరిస్తే అనేమాట. పెళ్ళిలో, చావులో, రేషన్ షాపులో అనేమాట. దాన్ని ఎవరైనా నిజమనుకుంటారా?

“నీ తప్పు కాదులే,” అంది మంజీర.

పదకొండేళ్ళ మొహంలోంచి పెద్దమనిషి ఓదార్పు రావడం వసుంధర తట్టుకోలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

*

మర్నాడు నాలుగో అంతస్తులో నీరజాక్షి మంజీర వీపు చేత్తో తడిమి చూసింది.

“నాలుగేళ్ళ ఎదుగుదల లోపల కాచుక్కూచుని ఉందమ్మా. ఇప్పుడు పరుగెత్తుతోంది. వంపు యాభై దాటే ఉంటుంది.”

“మళ్ళీ పట్టీ కడితే?”

“ఆగుతుంది. ఎన్నాళ్ళాగుతుందో తెలీదు. ఇంకో ఏడాది ఆపితే ఎముకలు మళ్ళీ లేస్తాయో లేదో అసలే తెలీదు. ఆరు నెలలకని చేశాను నేను.” ఆ మాట ఆవిడ ఎంతమంది తల్లులకి చెప్పిందో, అరిగిపోయి పలచగా వినిపించింది.

“కట్టకపోతే?”

“మూడు నెలలు టైముంది. ఆలోగా వంతొస్తే మంచిది. రాకపోతే డెబ్బై దాటుతుంది.”

“ఆ మాట మీరు వరసమ్మకి చెప్పండి మేడమ్.”

“నా పరికరం గురించి నేను చెబితే అది లెక్కలోకి తీసుకోదమ్మా. పక్షపాతమంటుంది. నెల మొదటి సోమవారం, తల్లి నోటి మాట. అంతే.”

కిటికీ దగ్గర గాజు పెట్టెలో కప్ప లేదు. మట్టి మాత్రం ఉంది. మంజీర అటు చూసి, అడగకుండా ఊరుకుంది.

“వదిలేశాను పాపా, మొన్న వానలకి,” అంది నీరజాక్షి. “రెండ్రోజులు కుంట గట్టు మీదే కూర్చుంది. మూడో రోజు దూకింది.”

బయటికొచ్చాక వసుంధర అడిగింది, “నువ్వేమంటావు?”

“నేను కట్టుకోనమ్మా. వంకరగానైనా ఎదుగుతాను.”

*

ఆ సోమవారం పదింటికి పొయ్యి అసలు వెలిగించలేదు. ఏం చెప్పాలో వసుంధర కేలండరు కాగితం వెనక రాసి పెట్టుకుంది. కిన్నెర వరసమ్మలా గొంతు మార్చి మూడుసార్లు రిహార్సలు చేయించింది. పురుషోత్తం డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగి, “టిక్కెట్టు కొట్టినట్టు చెప్పు. ఎక్కడి నుంచి ఎక్కడికో, అంతే,” అని వెళ్ళాడు.

ఫోను మోగింది.

“నమస్కారం. మంజీర తల్లిగారేనా? బిడ్డ ఎలా ఉంది?”

“పర్లేదమ్మా,” అంది వసుంధర నోరు. వసుంధర కాదు, నోరు. నలభై ఏళ్ళుగా దానికి అలవాటైన దారి అది. ఎదురుగా కిన్నెర తల పట్టుకుంది.

“నమోదు చేసు…”

“ఆగమ్మా. ఆగు. పర్లేదు కాదు. తప్పు చెప్పాను.”

“దిద్దుబాటు. చెప్పండి.”

కేలండరు కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి. వసుంధర దాన్ని పక్కన పడేసి చెప్పింది. పిల్ల బాలేదు. రెండంగుళాలు ఎదిగింది, ఎదిగినంతా వంగింది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పడుకుంటే ఒకవైపే పడుకుంటోంది. పట్టీ ఇక కట్టదు.

“నమోదు చేసుకున్నాను. రేపు ఉదయం ఎక్స్‌రేకి తీసుకురండి,” అంది వరసమ్మ. “ఇంతకు ముందు నలభై నాలుగు నెలలు పర్లేదని చెప్పారు. అవి కూడా దిద్దాలా?”

వసుంధర స్టూలు మీద కాస్త సర్దుకుని కూర్చుంది. ఎవరూ ఏనాడూ ఆవిడని అంత పెద్ద ప్రశ్న అడగలేదు.

“దిద్దమ్మా,” అంది.

“ఒక్కొక్కటి చెప్పండి. మొదటి నెల.”

మొదటి నెల పట్టీ ఒరుసుకుని నడుం మీద దద్దుర్లు లేచాయి. ఏడో నెల, తనతోటి పిల్లలందరికీ స్కూలు యూనిఫారం మారితే మంజీరకి మాత్రం పాతదే సరిపోయింది. పదిహేనో నెల, అద్దం ముందు నిలబడి, “అమ్మా, నన్ను నేను మర్చిపోతున్నాను,” అంది. ఇరవై రెండో నెల, స్వాతి పెద్దమనిషైన ఫంక్షనుకి వెళ్ళి, అక్కడ చిన్నపిల్లల బంతిలో కూర్చోబెడితే తినకుండా వచ్చేసింది. ముప్పయ్యో నెల ఏమైందో వసుంధరకి గుర్తులేదు. గుర్తులేకపోవడమే బాలేదని రాసుకోమంది. ఒక నెల మాత్రం దిద్దొద్దంది. ఆ వేసవిలో మంజీర, మేనత్త వాళ్ళూరి ఏట్లో కాళ్ళు పెట్టుకుని, చెల్లెలి మీద నీళ్ళు చల్లుతూ సాయంత్రం దాకా నవ్వింది. ఆ నెల నిజంగానే పర్లేదు.

గంట పట్టింది. వరసమ్మ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు, అయ్యో అనలేదు, ‘మా చుట్టాలమ్మాయికి కూడా ఇంతే’ అనలేదు. అన్నీ అయ్యాక, “నమోదు చేసుకున్నాను,” అంది. కిన్నెర ఎప్పుడొచ్చి తన కాళ్ళ దగ్గర కూర్చుందో వసుంధర చూడలేదు.

*

వంపు యాభై ఎనిమిది. నంబరు రెండు వందల ఆరు నుంచి తొమ్మిదికొచ్చింది. ఆపరేషను తారీకు వచ్చే నెల మొదటి సోమవారం.

ఆ పడిన నంబరు చూసి సంతోషించాలో లేదో వసుంధరకి తెలియలేదు. పిల్ల బాగుపడాలంటే ముందు పిల్ల పాడవ్వాలి. ఎంత పాడైందో తల్లి నోటితో రుజువు చెయ్యాలి. ఇంత విద్య ఏ బీకాంలోనూ చెప్పలేదు.

పట్టీ ఆసుపత్రి సొత్తు, తిరిగివ్వాలి. నాలుగో అంతస్తులో నీరజాక్షి దాన్ని తీసుకుని, మరిగే నీళ్ళ గిన్నెలో పడేసింది.

“పట్టీకి కూడా వరసుందా మేడమ్?”

“రెండు వందల మందున్నారు.”

తలుపు బయట బెంచీ మీద రజియా అనే ఆవిడ తొమ్మిదేళ్ళ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఉంది. మహబూబాబాద్ నుంచి వచ్చింది. “ఎట్లుంటది అక్కా ఆ పట్టీ? నొప్పి ఏమన్నా ఉంటదా?”

“నొప్పేం ఉండదమ్మా,” అంది వసుంధర. అదీ నిజమే. ఇంకేదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో లోపలినుంచి పిలిచారు, రజియా లేచి వెళ్ళిపోయింది.

*

ఆపరేషను రోజు ఏడింటికి మంజీరని లోపలికి తీసుకెళ్ళారు. ఆ పిల్ల జామెట్రీ బాక్సు తల్లికిచ్చి, “టిక్కెట్లు జాగ్రత్త,” అంది. కిన్నెరకి పరీక్షలు. పురుషోత్తానికి సెలవు దొరకలేదు; హైదరాబాదు ట్రిప్పు మాత్రం అడిగి వేయించుకున్నాడు, మధ్యాహ్నానికి చేరతాడు. వసుంధర హాల్లో, నాలుగేళ్ళుగా కూర్చుంటున్న బెంచీ మీదే కూర్చుంది. చుట్టూ డెబ్బై ఎనభై మంది తల్లులు. అందరి మధ్యా ఒక్కతే.

పది కావస్తుంటే అలవాటుగా ఫోను చేతిలోకి తీసుకుంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

పదయింది. ఫోను మోగలేదు. మంజీర పేరు వరసలోంచి తీసేశారు. ఇక అడగాల్సిన అవసరం వరసమ్మకి లేదు. తెలిసిన సంగతే. అయినా ఆవిడ ఫోను రెండుసార్లు తిరగేసి చూసుకుంది.

అప్పుడు హాలంతా ఒక్కసారి మోగింది. చేతిసంచుల్లో, జాకెట్లలో, అన్నం డబ్బాల పక్కన, డెబ్బై ఎనభై ఫోన్లు. తల్లులందరూ ఒకేసారి గొంతులు సవరించుకున్నారు. బెంచీల వరసల మీదుగా ఒకే మాట గాలిలా పాకింది. పర్లేదమ్మా. బాగానే ఉన్నాడమ్మా. పర్లేదు. మీరు బాగున్నారా? పర్లేదమ్మా.

వసుంధర ఎన్నడూ ఎవరి మాటకీ అడ్డం పోయిన మనిషి కాదు. అందరూ నిజం చెబితే వరస మళ్ళీ మొదటికొస్తుందనీ తెలుసు. థియేటరు ఒకటే, వారానికి ఇద్దరే. అయినా లేచింది. రెండు బెంచీల అవతల రజియా, పట్టీ కట్టిన కూతురి తల నిమురుతూ, ఫోను చెవికి పెట్టుకుని నవ్వుమొహంతో, “పర్లే…” అంటోంది.

“ఆగమ్మా,” అంది వసుంధర, ఆమె చేతి మీద చెయ్యి వేసి. “అది మర్యాదకి అడగట్లేదు. రాసుకోవడానికి అడుగుతోంది. ఎట్లుందో అట్లా చెప్పు.”

రజియా ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వు మెల్లగా జారిపోయింది. ఫోనులోకి, చాలా చిన్న గొంతుతో, “రాత్రి నిద్రపోతలేదమ్మా మా పిల్ల,” అంది. ముందు బెంచీలో ఒకామె ఆ మాట విని వెనక్కి తిరిగింది. తన ఫోనులోకి, “ఆగమ్మా ఒక్క నిమిషం,” అంది.

రెండింటికి పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. కాలివేళ్ళు కదిలాయి. వెన్ను పూర్తిగా నిటారు కాలేదు. నాలుగేళ్ళ కిందట చేసి ఉంటే అయ్యేది. కొంచెం వంపు జీవితాంతం ఉంటుంది. కానీ బల్ల మీదే పిల్ల రెండంగుళాలు పొడుగైంది.

సాయంత్రం మంజీర కళ్ళు తెరిచింది. పురుషోత్తం ఖాకీ బట్టల్లోనే వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, భుజానికున్న సంచీ సర్దుకుంటూ. వసుంధర వంగి, కూతురి మొహం మీద జుట్టు తప్పించింది.

“ఎలా ఉందమ్మా?”

మంజీర ఎండిన పెదాలు తడుపుకుంది.

“చాలా నొప్పిగా ఉందమ్మా.”

“నమోదు చేసుకున్నాను,” అంది వసుంధర.